నెర్రెల రాజ్యంలో నీళ్ళ మాంత్రికుడు

ముదిగుబ్బ చుట్టుపక్కల ఎవరిని అడిగినా టెంకాయ ఓబులేష్ ఇల్లు చూపిస్తారు. అరచేతిలో టెంకాయను అడ్డంగా పెట్టుకుని చేనంతా నడుస్తాడు. అది ఎక్కడ నిట్టనిలువుగా లేస్తే అక్కడ బోరు వేయమంటాడు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. అతను చెప్పిన చోట పడిన నీళ్ళకన్నా లేచిన దుమ్మే ఎక్కువ. కానీ మన జనం ఎండిన బోర్లను మరిచిపోయి, పడిన నాలుగింటినే పదిమందికీ చెప్పుకుంటారు. ఆ మాత్రం ఆశ లేకపోతే ఈ నేలలో వేరుశెనగ విత్తే మొనగాడెవడు?

అంతటివాడు ఆదివారం మధ్యాహ్నాలు పిల్లలాట ఆడుతున్నాడని తెలిసి ఊరు పడీపడీ నవ్వింది. తప్పు అతనిది కాదు, నిఖితది. పైపుల అంగడి శేషయ్య కూతురు. బెంగళూరు కంపెనీ ఉద్యోగాన్ని ఇంట్లోంచే చేస్తుంది. ఆదివారమైతే అంగడి మేడమీది గదిలో పక్కింటి పిల్లాడు జోయల్‌నూ, అతని చెల్లెలు జాయ్‌నీ కూర్చోబెట్టి కథలాట ఆడిస్తుంది. ఊహించుకున్న ఒక దేశం కథను నిఖిత చెబుతుంది. మిగతావాళ్ళు అందులో తలా ఒక వేషం కడతారు. ఏ పని తలపెట్టినా ఇరవై ముఖాల పాచిక వేయాలి. పెద్ద అంకె పడితే పని జరిగినట్టు. ఒకరోజు పైపుల లోడు కోసం కాచుకుని కూర్చున్న ఓబులేష్‌ను పైకి పిలిచింది.

"అన్నా, మాకు మంత్రగాడు లేడు. నువ్వు ఆడు."

"నాకేం తెలుసు పాపా, ఆ దేశమేందో, దాని పద్ధతులేందో."

"ఆ మంత్రగాడికీ తెల్దు. పోతా పోతా తెలుసుకోవల్ల."

ఆ దేశం పేరు నెర్రెల రాజ్యం. బల్ల మీద పరిచిన పెద్ద పటంలో ఊళ్ళున్నాయి, ఊరి పక్కన బావికి గుర్తుగా ఒక్కో నీలం చుక్క ఉంది. నీ మంత్రగాడికి సొంత మనుషులెవరని నిఖిత అడిగితే, ఏం చెప్పాలో తోచక, "ఒక అక్క ఉండాది" అన్నాడు. పటంలో మూలగా ఉన్న ఊరి పక్కన ఆ మాట రాసుకుంది.

మొదటి ఆదివారమే ఒక ఊరు ఊరంతా నీళ్ళ కోసం మంత్రగాడి కాళ్ళ మీద పడింది. ఓబులేష్ పాచిక వేశాడు. పదిహేడు. నేల చీలి నీళ్ళు ఎగజిమ్మాయని నిఖిత చెబుతుంటే జాయ్ చప్పట్లు కొట్టింది. రెండో ఆదివారం మరో ఊరు, మూడో ఆదివారం ఇంకోటి. ఒక్క బోరూ ఎండిపోని దేశం! ఓబులేష్‌కు ఛాతీ ఉబ్బింది. నీళ్ళు పడిన ప్రతిసారీ నిఖిత వైట్‌నర్ తీసి పటంలో ఏదో చోట అద్దేది. ఏదో తప్పు దిద్దుకుంటోంది కాబోలు అనుకున్నాడు.

నాలుగో వారంలో లింగన్న అనే రైతు పిలిపించాడు. అప్పటికే అతనికి మూడు బోర్లు ఎండిపోయాయి. ఓబులేష్ చేనంతా మూడుసార్లు తిరిగాడు. టెంకాయ లేచింది ఒకే ఒక్క చోట, గట్టు పక్కన. గట్టుకు అవతల ఓబులేష్ అక్క నల్లమ్మ చీనీ తోట. మొగుడు పోయాక నూట అరవై బత్తాయి చెట్లను ఒంటిచేత్తో సాకుతోంది. ఆమె బోరు అక్కడికి నలభై అడుగుల దూరం ఉంటుందేమో. ఓబులేష్‌కు మనసులో ముల్లు గుచ్చుకుంది. అయినా పేరు ఊరుకోనివ్వదు కదా. రాయి పాతి, సున్నం చల్లి వచ్చాడు. బోరు బండి మంగళవారం వస్తుందన్నారు.

ఆ ఆదివారం ఆటలో పాచిక వేస్తే ఇరవై పడింది. జోయల్ కేక పెట్టాడు. నిఖిత మాత్రం నవ్వకుండా వైట్‌నర్ మూత తీసింది.

"అదేంది పాపా, ఊరికే పూస్తాండావు?"

"బావులు చెరిపేస్తాండా. నువ్వు తెచ్చే నీళ్ళు యాడనుంచో ఒక చోటి నుంచి రావల్ల కదన్నా. ఈ దేశంలో కొత్త నీళ్ళు ఉండవు."

ఓబులేష్ పటం మీదికి వంగాడు. తెల్ల మచ్చలు నాలుగు. నాలుగోది ఇంకా తడిగా ఉంది.

"ఇది ఏ ఊరు?"

"మీ అక్క ఊరు."

"ముందే యాల చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు కదన్నా."

ఆటే కదా అని ఓబులేష్ తనకు తాను చెప్పుకుంటుండగానే ఫోన్ మోగింది. లింగన్న.

"ఓబులేసన్నా, బండి ఈ పొద్దే వచ్చినాది. నువ్వొచ్చి టెంకాయ కొడితే గానీ మొదలుపెట్టరంట. బిరీన రా!"

బోరు పాయింట్ చెప్పినవాడు టెంకాయ కొట్టందే మా వైపు బోరు బండి కదలదు. ఆపాలంటే ఇదొక్కటే అదను. దారి పొడుగునా తన బైకు మీద అదే అనుకున్నాడు: ఈడ వద్దు లింగన్నా, నా లెక్క తప్పినాది అంటాను, అంతే. చేను దగ్గర అప్పటికే ఊరు సగం చేరింది. లింగన్న పెండ్లాం రాయికి పసుపు పూసి పక్కన నిలబడి ఉంది.

"అంతా నీ చేతిలో ఉండాదన్నా," అన్నాడు లింగన్న. "ఈసారి పడకపోతే చేను ఇడిసిపెట్టి పోతాం."

ఓబులేష్ నోరు తెరిచాడు. నా లెక్క తప్పింది అని ఇంతమంది ముందు అంటే రేపు పిలిచేవాడెవడు? సిగ్గేసింది, భయమేసింది. టెంకాయ కొట్టాడు. చక్కగా రెండు చిప్పలైంది.

అయిదు గంటలకు తెల్ల దుమ్ము ఆగి బురద లేచింది. ఆ వెనకే నీళ్ళు, మనిషి ఎత్తుకు మించి. లింగన్న ఏడుస్తూ వచ్చి ఓబులేష్‌ను వాటేసుకున్నాడు. జనం అతన్ని నీళ్ళలోకి లాగారు. ఇరవై రెండేళ్ళలో ఇంత నీరు అతను చూడలేదు. ఎలాగో విడిపించుకుని గట్టు దాటాడు.

నల్లమ్మ చీనీ చెట్ల మొదట్లో నిలబడి పైపు వైపు చూస్తోంది. కరెంటు ఉంది, మోటారు తిరుగుతోంది. పైపు దగ్గి దగ్గి గాలి వదులుతోంది.

"వచ్చినావా ఓబులేసా," అంది. "లింగన్నకు నీళ్ళు పడినాయంట గదా. పోనీలే, వాళ్ళూ బతకల్ల. మనదే ఏమైందో, ఇప్పుడే నిలిచిపోయినాది. ఇంకో పాయింట్ చూసి పెట్టు నాయనా. నీ చెయ్యి ఈ పొద్దు మంచిగుండాది."

అతను చెప్పబోయాడు. ఆమె వినకుండా గుడిసెలోకి పోయి టెంకాయ తెచ్చి అతని అరచేతిలో పెట్టింది.

చుట్టూ చేన్లు. గార్లదిన్నె వాళ్ళదొకటి, అవతల కుళ్ళాయప్పది, దాని పక్కన బయమ్మది. ప్రతిదాంట్లో ఒక బోరు. ఓబులేష్ ఒక్క అడుగూ వేయలేదు. టెంకాయ ఎక్కడ లేస్తుందోనని అయిదు వేళ్ళూ బిగించి పట్టుకుని నిలబడ్డాడు.