ఇంటిపేరు లేని మాడ్యూలు

ఉమామహేశ్వరరావు గారికి ఇంటిపేర్ల పిచ్చి. మనుషులకైతే సరే, కంప్యూటరు ప్రోగ్రాములకు కూడా ఇంటిపేరు ఉండి తీరాలంటారు.

బందరులో మా ఆఫీసు చిన్నది. వేటకెళ్లే పడవలవాళ్ల ఫోన్లకు గాలివాన హెచ్చరికలు పంపడం మా పని. ఆ ప్రోగ్రామంతా పెర్ల్ భాషలో, మాడ్యూళ్లనే విడివిడి ముక్కలుగా ఉంటుంది. నేను చేరిన మొదటిరోజే ఒక ముక్కకు 'వేగం' అని పేరు పెడితే ఆయన కుర్చీలోంచి లేచారు.

"ఎవరింటి వేగమండీ ఇది? ఇలా వీధిన పడేశారేం?"

"గాలి వేగమండీ."

"అలా చెప్పండి! గాలి వారి వేగం. రాసేటప్పుడు మధ్యలో చుక్కలు పెట్టి, గాలి::వేగం. అమ్మయ్య, కొంప దొరికింది."

అంతటితో ఆగరు, వరసలు కూడా కలుపుతారు. గాలి వారు తాతలు. వాళ్లనడిగి మెసేజీ పంపే కబురు వారు మనవలు. మనవడు తాతనడగొచ్చు, తాత మాత్రం మనవడి దగ్గర చెయ్యి చాపకూడదు. టీ తెచ్చే పోతయ్యనైతే రోజూ ఇంటిపేరు అడుగుతారు. మేం చాటుగా తెగ నవ్వుకునేవాళ్లం. కోడూరు నుంచి వచ్చిన షీబా ఒక్కతే నవ్వేది కాదు.

మొన్న ఆయనా నేనూ గుడివాడలో పెళ్లికెళ్లి బస్సులో తిరిగొస్తుంటే ఆయనకు షీబా ఫోను చేసింది. ఆయన స్పీకరులో పెట్టారు. ఆఫీసులో ఒక్కతే ఉంది.

"బాబాయిగారూ, పెద్దగాలి వస్తోంది, మెసేజీలు కదలట్లేదు. సాయంత్రం పడవలు వెళ్లిపోతాయండీ. మా నాన్న పడవ కూడా!"

నేను సీట్లోంచి లేచాను. ఆయన నింపాదిగా, "ఎవరింట్లో గొడవమ్మా?" అన్నారు.

కాసేపు కీబోర్డు చప్పుడు.

"నిన్న మార్చిన గాలి::వేగం వెళ్లి కబురు::పడవలుని అడుగుతోందండీ."

"తాత మనవడినా!"

"మనవడేమో తాతనే అడుగుతున్నాడు. ఒకరి కోసం ఒకరు కూర్చున్నారు. తాత అడగడం మాన్పించేయనా?"

"మాన్పించెయ్ తల్లీ."

పెడన దాటకముందే మళ్లీ ఫోను. "వెళ్లాయండీ! పడవ కట్టేశానని నాన్న చెప్పాడు!"

నేనిక ఉండబట్టలేకపోయాను. "ఈ చుట్టరికాలు మీకెలా తట్టాయండీ?"

"షీబా చేరిన కొత్తలో అన్నీ ఇంగ్లీషు పేర్లే. ఏది ఎక్కడుందో తెలియదు, అడిగితే నవ్వుతారని భయం. కళ్లు తుడుచుకోవడం చూశాను. వరసలు తెలియని పిల్ల ఉంటుందా? పేర్లన్నీ మార్చేశాను."

"మరి మా అందరి ఇంటిపేర్లూ అడగడమెందుకు?"

"తన కోసమే మార్చానని తెలిస్తే చిన్నబుచ్చుకోదూ? పిచ్చి నాదనుకుంటే ఎవరికీ బాధ లేదు."

ఆయన మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఏదో మంచిమాట చెప్పబోయాను. ఆయన అప్పటికే కండక్టరు వైపు తిరిగారు.

"బాబూ, మీ ఇంటిపేరు?"