కుండ కింది మందు

ఎనభైల మొదట్లో హనుమకొండలో పెళ్లికాని పరిశోధక విద్యార్థికి అద్దెగది దొరకడం పరిశోధన కంటే కష్టంగా ఉండేది. నాకు దొరికింది, అదీ బజారులో కిరాణా దుకాణం నడిపే ఒక శాకాహార కుటుంబం ఇంట్లో. ఇంటావిడను పెద్దమ్మ అని పిలిచేవాణ్ణి. గది ఇచ్చేముందు ఆమె పెట్టిన షరతులు రెండే: నీసు ఇంట్లోకి రావద్దు, తాగి రావద్దు. (పెళ్లి చేసుకోవద్దని మూడోది పెట్టినా ఒప్పుకునేవాణ్ణి.) ఆమె పోయిందని మొన్న కబురు వచ్చింది. అప్పటి నుంచి నాలో మెదులుతున్నది ఆమె ముఖం కాదు, ఒక వాసన.

నా పని మొక్కలు తయారుచేసుకునే పాలీఅమీన్ల మీద. నీటి ఎద్దడి వచ్చినప్పుడు మొక్క అర్జినిన్ అనే అమైనో ఆమ్లం నుంచి ప్యుట్రెసిన్ అనే చిన్న పదార్థం చేసుకుంటుంది. దానికి మరికొన్ని ముక్కలు అతుక్కుని స్పెర్మిడిన్, స్పెర్మిన్ అవుతాయి. ఇవన్నీ కణాల పొరలను అంటిపెట్టుకుని, అవి చెదిరిపోకుండా కాస్తాయి. జొన్న మొలకలకు నీళ్లు ఆపి, వాటిలో ఈ పదార్థాలు ఎంత పెరిగాయో చూడటం నా వంతు. పోల్చి చూసుకోవడానికి విదేశం నుంచి తెప్పించిన ప్యుట్రెసిన్ సీసా ఒకటి ఉండేది. కుళ్లు అనే అర్థమున్న మాట నుంచి దానికా పేరు వచ్చింది. ఆ పేరు పెట్టినవాళ్లు అబద్ధమాడలేదు. చలికాలంలో అది గడ్డకట్టి బుద్ధిగా ఉండేది, ఎండలు ముదిరితే కరిగి నీళ్లయ్యేది.

ఒక మే నెలలో ల్యాబులో ఫ్రిజ్ చెడిపోయింది. "ఇది పాడైతే మళ్లీ తెప్పించేసరికి నీకు మనుమలు పుడతరు. జర చల్లటి జాగ చూడు" అన్నారు మా గైడు సారు. నాకు తెలిసిన చల్లటి జాగ నా గదిలో మంచినీళ్ల కుండ కింది తడి ఇసుక. (నేను ఎమ్మెస్సీ ఫస్టు క్లాసు.) సీసాను అందులో పాతిపెట్టి హాయిగా నిద్రపోయాను. తెల్లారేసరికి మూత వదులై కారింది.

పెద్దమ్మ గడప దగ్గరే ఆగి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"నిజం చెప్పు బిడ్డా. ఎండుచేపలు తెచ్చినవా?"

"లేదు పెద్దమ్మా."

"ఎలుక సచ్చిందా?"

"ఎలుక కాదు. ఇసుకల సీసా పెట్టిన. అది మందు."

మందు అనే మాటకు మా వైపు ఎన్ని అర్థాలున్నాయో ఆ క్షణం దాకా నేను ఆలోచించలేదు.

"చేపలే నయముండె" అంది పెద్దమ్మ. "ఎప్పటిసంది తాగుతానవ్?"

"తాగేది కాదు పెద్దమ్మా, చెట్లది."

"కల్లు సుత చెట్లదే."

సాయంత్రంలోగా మా సారును తీసుకొచ్చి చెప్పించాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి అని తేల్చేసింది. గది పోతే పరకాల దగ్గరి మా ఊరికి పోవడమే. రోజూ చూసే దిక్కు లేక మొలకలూ, వాటితో పాటు నా చదువూ మధ్యలో పోయేవి.

సారు వచ్చారు. ఎవరినీ పలకరించకుండా నేరుగా కుండ దగ్గరికి పోయి, సీసా తీసి వాసన చూసి, "సగం మిగిలింది, అదృష్టవంతుడివి" అన్నారు. పెద్దమ్మ మా ఇద్దరి వైపూ చూసిన చూపుకు నా కళ్లు పెట్టె కోసం వెతికాయి. అప్పటికి సారుకు తాను వచ్చిన పని గుర్తొచ్చింది.

"అమ్మా, ఇది మొక్క నీళ్లు లేక తిప్పలు పడేటప్పుడు తన ఒంట్లనే చేసుకునే మందు. దీంతోని కొన్ని దినాలు తట్టుకుంటది."

"పాపం, నీళ్లెవరు ఆపిండ్రు వాటికి?"

సారు నన్ను చూపించారు.

పెద్దమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. తర్వాత తీర్పు చెప్పింది. సీసా ఇంట్లోంచి పోవాలి, నేను ఉండొచ్చు. "కానీ రోజు రాత్రి మజ్జిగన్నం మా ఇంట్లనే తిను. తాగినవో లేదో నోరు వాసన చూస్త."

థీసిస్ పూర్తయ్యేదాకా వాళ్ల వంటింటి గడప దగ్గర కూర్చుని తిన్నాను. అంతకుముందు నా రాత్రి భోజనం బన్ను, చాయ్. అయినా ఆ అన్నం నా మీద నిఘా అనే అనుకున్నాను. నిర్దోషినని రుజువు చేసుకునే పట్టుదలతో మారు కూడా అడిగేవాణ్ణి. ఆమె ఒక్క రాత్రి కూడా నా నోరు వాసన చూడలేదని తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది. పళ్లెం ముందు కూర్చుని, గడ్డు రోజుల్ని ప్రాణి ఎలా తట్టుకుంటుందో నోట్సులో వెతుక్కున్న ఆ పండితుణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. తలెత్తి చూసి ఉంటే, ఆమె వడ్డిస్తూ కనిపించేది.