లైటు మామతో నా కొట్లాట

ఆ రోజుల్లో నాకు కోపం తప్ప సొంత ఆస్తి ఏదీ లేదు. ఎనభైల చివర, నాకు పందొమ్మిదేళ్లు. సోలాపూర్ దాజీ పేట్‌లో మేడ మీద మా ఇల్లు, కింద మేనమామ కార్ఖానా, టవళ్లు నేసే సాంచాలు. పవర్‌లూమ్‌ను మేం సాంచా అనేవాళ్లం. రాత్రి పాళీ కూడా నడిచేది. నూలు దొంగల భయంతో (ఆ దొంగల మొహం ఎవరూ చూసిన పాపాన పోలేదు) మామ మా డాబా అంచున ఇంత మెర్క్యురీ దీపం బిగించాడు. అంతే, ఆకాశం మాయం! ఆయనకు లైటు మామ అని పేరు పెట్టింది నేనే.

అప్పుడు నేనొక స్టూడియోలో కైంచీతో (కత్తెరే లెండి) ఫోటోల అంచులు కత్తిరించేదాన్ని. స్టూడియో యజమాని కాకా నన్ను కెమెరా ముట్టనిచ్చేవాడు కాదు. చాలాసేపు షట్టర్ తెరిచి తీస్తే ఆకాశంలో చుక్కలు గీతలుగా సాగిన ఫోటో ఒకటి పత్రికలో చూసి, నేనూ తీస్తానని కోతలు కోశాను. ఆయన విసిగిపోయి ఒక్క రాత్రికి కెమెరా ఇచ్చాడు. "మంచిగొస్తే పెండ్లిళ్లకు నిన్నే పంపిస్త. రాకుంటే కైంచీ పట్టుకోని గప్‌చుప్ కూసో" అన్నాడు.

నేరుగా మామ దగ్గరికి పోయాను. "మామా, ఈ ఒక్క రాత్రి లైటు బంద్ చెయ్యి."

"ఏందీ, చుక్కల ఫోటోనా? చుక్కలు ఏడికి పోతయే పోరీ? పోతే నా నూలు పోతది!"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీ నూలుకు నేను కాపలా కూసుంట. ఒక్క కండె పోయినా నన్నడుగు. ఆర్పకుంటే మాత్రం రాయితోని పలగ్గొడ్త!" (పలగ్గొట్టేదాన్నే.) మామ నా చేతిలో రాయి చూసి స్విచ్చి నొక్కాడు.

స్టాండు లేదు గనక పిట్టగోడ మీద అమ్మ బీడీల చేట, చేటలో బియ్యం సంచి, దాని మీద కెమెరా. గంటసేపు షట్టర్ తెరిచిపెట్టి, దుడ్డుకర్రతో పైనుంచే నూలుకు కాపలా కాశాను.

ఫోటో కడిగి చూసి కాకా పొట్ట పట్టుకుని నవ్వాడు. "అరె పోరీ, హే కాయ్? ఏందిది? చుక్కలా ఇవి, టవల్ అంచా?" సన్నటి గీతలుగా రావలసిన చుక్కలన్నీ వణుకుతూ వంకరటింకరగా వచ్చాయి. ఇంటికొచ్చి, కెమెరా కదిల్చింది నువ్వేనని మామ మీద విరుచుకుపడ్డాను. అమ్మ బీడీ చుట్టడం ఆపకుండానే అంది: "కింద సాంచాలు నడుస్తుంటే ఇల్లు అదురదానే? మనింట్ల చెంబుల నీళ్లు ఎన్నడన్న నిమ్మలంగ ఉన్నయా?"

ఆ అదురులోనే పుట్టి పెరిగినదాన్ని. సాంచాలు ఆగితే ఉలిక్కిపడి లేచేవాళ్లం గాని, నడుస్తుంటే ఇల్లు కదులుతుందని నాకెన్నడూ తట్టలేదు. దీపాన్ని తిట్టిన నోటితోనే నన్ను నేను తిట్టుకున్నాను. మరో రెండేళ్లు కైంచీయే గతి అయింది.

తర్వాత సొంత కెమెరా కొన్నాను, ఎన్నో పెళ్లిళ్లు తీశాను. మొన్న స్టాండుతో సహా ఆ డాబా ఎక్కాను. మామ లేడు, సాంచాలు లేవు. పిట్టగోడ మీద పెట్టిన చెంబులో నీళ్లు కదలకుండా ఉన్నాయి. కానీ చుట్టూ తెల్లటి దీపాలు, బోర్డులు, ఎవరి నూలుకు కాపలానో! వెతగ్గా వెతగ్గా నాలుగు చుక్కలు కనిపించాయి. ఒళ్లు మండిపోయింది. ఆర్పమని కొట్లాడదామంటే ఒక్క మామ కూడా లేడు. (రాయి దొరికింది, విసిరే వయసే దొరకలేదు.) ఇప్పుడుండే ఇంటికొచ్చి గోడ మీది ఆ వంకర ఫోటోలో చుక్కలెన్నో లెక్కపెట్టబోయాను. సగంలో, రాయి పట్టుకున్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది, లెక్క తప్పింది.