ఏసీ ఆపే నాన్న

ఎవరింటికి వెళ్లినా ఆయన కళ్లు ముందు ఏసీ రిమోట్ కోసం వెతికేవి. మస్కట్‌లోని అల్ మవాలేలో మా పక్క ఫ్లాట్ ఆయనది. ఆయన ముగ్గురు పిల్లలూ కలిసి పాప్ పాటలు పాడేవారు. మా బిల్డింగ్ మేడ మీద మొదలైన పాట ఏడాది తిరిగేసరికి మస్కట్ పెద్ద హోటళ్ల స్టేజీలెక్కింది.

"చల్లగాలి తగిల్తే గొంతులు పోతాయక్కా" అనేవాడు. జూన్ ఎండల్లోనూ కిటికీలు మూసి, ఏసీ ఆపి పిల్లలతో ప్రాక్టీసు చేయించేవాడు. చెడ్డవాడని అనలేను. వాళ్లకు మిరియాల పాలు తనే కాచి ఇచ్చేవాడు. గోడవతల మూడు గొంతులూ ఒక్కటై లేస్తుంటే నాకు ఒళ్లు పులకరించేది, ఆ వెంటనే వాళ్ల ఉక్కపోత గుర్తొచ్చేది.

దుబాయ్ ప్రోగ్రాం ఖాయమైన రోజు ముగ్గురిలో చిన్నపిల్ల మా ఇంటికొచ్చింది. జుట్టంతా చెమటతో తడిసిపోయింది. నేరుగా ఏసీ కింద నిలబడి, మొహం పైకెత్తి కళ్లు మూసుకుంది.

"కాసేపే ఆంటీ. నాన్నకి చెప్పొద్దు."

ఇంతలో బెల్ మోగింది. నేను తలుపు తీసేలోపే ఆ పిల్ల రిమోట్ అందుకుని ఏసీ ఆపేసింది.

ఆయన లోపలికొస్తూనే ఏసీ వైపు చూశాడు.

"చూశారా అక్కా, దీనికి చెప్పక్కర్లేదు" అని మురిసిపోయాడు.

పిల్ల నవ్వింది, అచ్చం స్టేజీ మీద నవ్వినట్టే.