ఊగే ఓడలో చివరి వరుస

నిన్న చర్చిలో ఆడవాళ్ళ కూడిక ముగిశాక పిక్నిక్ సంగతి వచ్చింది. కొందరు ఊళ్ళోని కోమటిచెరువు గట్టు చాలన్నారు, కొందరు హైదరాబాదు దగ్గరి ఆ పెద్ద పార్కుకే పోదామన్నారు. అంతలో ఒకావిడ, "గా ఊగేటియి, తిరిగేటియి ఉన్నకాడ ముసలోళ్ళకేం పని?" అనేసింది. నేను ఊరుకునే మనిషిని కాదు. ఊరుకుంటే నాకు ఒంట్లో బాగుండదు. "మా అత్త డెబ్బై రెండేండ్లకు ఎక్కింది. దిగినంక ఇంకోసారి ఎక్కుతనన్నది" అన్నాను. అందరూ నవ్వారు, పార్కే ఖాయమైంది. కానీ నేను వాళ్ళకు చెప్పింది సగమే.

కొన్నేళ్ళ కింద మేము ఆ పార్కుకు వెళ్ళిన క్రిస్మస్‌ నాటికి నేనూ మా ఆడబిడ్డా మాట్లాడుకోక రెండేళ్ళు. తప్పు నాది. ఇప్పుడింత సులువుగా రాస్తున్నాను గానీ ఆ రోజుల్లో ఎవరైనా అలా అంటే వాళ్ళతో తెల్లారేదాకా వాదించేదాన్ని. మా మామ జ్ఞాపకార్థ కూడికకు మిరుదొడ్డి నుంచి చుట్టాలందరూ వచ్చారు. ఆడబిడ్డ కూతురు అప్పుడే ఇంటర్ రెండోసారి తప్పింది. బంతిలో ఎవరో, పిల్ల ఏం చేస్తున్నదని అడిగారు. "ఏం చేస్తది, ఫోనుకు చదువు చెప్తున్నది. తల్లి పెంపకం గట్లుంటే పిల్లేం చేస్తది?" అన్నాను. యాభై మంది నవ్వారు. నవ్వించానని లోలోపల మురిశాను కూడా, దాచడమెందుకు? మా ఆడబిడ్డ చేతిలోని గరిటె గిన్నెలో పెట్టి, పిల్ల చెయ్యి పట్టుకొని వెళ్ళిపోయింది.

ఆమె ఇల్లు మాకు రెండు గల్లీల అవతల. అయినా ఆ తర్వాత మా మధ్య మాటలన్నీ మా అత్త మీదుగానే నడిచాయి. "మీ బిడ్డకు చెప్పు" అని నేను, "నీ కోడలికి చెప్పే" అని ఆమె. మా అత్త ఇద్దరికీ చేరవేసేది, దారిలో కారం కొంచెం తగ్గించి.

కానీ ఆమె ఇంకొకటి కూడా చేసింది. మా చర్చిలో నెలనెలా మొదటి ఆదివారం ప్రభువు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. బాప్తిస్మం పుచ్చుకున్నప్పటి నుంచి ఒక్కసారి కూడా తప్పని మనిషి, ఆ రెండేళ్ళు పళ్ళెం తన దగ్గరికొస్తే ముట్టకుండా పక్కవాళ్ళకు అందించేది. పాస్టరు అడిగితే, "నా ఇంట్ల ఇద్దరు మొకాలు తిప్పుకుంటున్నరయ్యా. అది కడుపుల పెట్టుకొని నేను చెయ్యెట్ల చాపాలె?" అన్నదట. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. అంటే వాదించి గెలిచేదాన్ని. రెండో ఏడు దసరా ముందు ఆమెకు జ్వరమొచ్చి వారం రోజులు దవాఖానలో ఉంది. మంచం పక్కన కూర్చుని గ్లూకోజు చుక్కలు చూస్తుంటే, ఈమె ఆ రొట్టె ముట్టకుండానే పోతే ఏం చేయాలన్న భయం పట్టుకుంది నాకు. అప్పుడైనా రెండు గల్లీలు దాటి పోయి తప్పైందని చెప్పి ఉండవచ్చు. కాళ్ళు రాలేదు. నా నాలుక అందరి దగ్గరికీ పోతుంది, తప్పు ఒప్పుకోవాల్సిన చోటికి తప్ప.

ఇంతలో ఆ పిల్లకు పార్కులో ఉద్యోగమొచ్చింది. క్రిస్మస్ సెలవుల్లోనే అక్కడ జనం ఎక్కువ, సెలవు దొరకదు. "నేను రాలేను అమ్మమ్మా, మీరే రాండ్రి" అని అందరికీ పాసులు పంపింది. నా పేరు మీద కూడా ఒకటి వచ్చింది. మా అత్త తీర్పు చెప్పింది: "పిల్ల లేని పండుగేంది? అందరం పోవాలె." పండుగ మర్నాడు కిరాయికి తుఫాన్ బండి మాట్లాడారు మా ఆయన. వెనక సీట్లో ఒక కిటికీకి నేను, ఇంకో కిటికీకి ఆడబిడ్డ, నడుమ తెల్లచీరలో మా అత్త, ఆమె ఒళ్ళో బగారన్నం, కోడికూర, గారెలు నింపిన గిన్నెల మూట.

గేటు దగ్గర బయటి తిండి లోపలికి రాదన్నారు. "ఇది బయటి తిండి కాదు, ఇంట్ల వండింది" అని పావుగంట వాదించాను. గేటు మనిషి బహు ఓపికమంతుడు, కానీ కదల్లేదు. మా అత్త బండ్లు ఆపే చోట చాప పరిపించింది. పొద్దున పది గంటలకే, డ్రైవరుతో సహా అందరం మధ్యాహ్నపు అన్నం తినేశాం. వడ్డించింది మా ఆడబిడ్డే. నా పళ్ళెంలో కార్జం ముక్క పడింది. నాకది ఇష్టమని ఇంట్లో అందరికీ తెలుసు. నేను తల ఎత్తలేదు. ఎత్తితే మాట్లాడాల్సి వస్తుంది.

లోపల మా ఊరి నీళ్ళ ట్యాంకంత ఎత్తు క్రిస్మస్ చెట్టు, వేయించిన మొక్కజొన్న వాసన, ఎక్కడో పైనుంచి జనం కేకలు. ఎండలో ఎర్రకోటు వేసుకున్న క్రిస్మస్ తాత చెమటలు కక్కుతుంటే మా అత్త అతని చెయ్యి పట్టుకొని, "అన్నం తిన్నవా కొడుకా?" అని అడిగింది. అతను గడ్డం కిందికి లాగి, "ఇంక లేదమ్మా" అన్నాడు. మిగిలిన గారెలు బయట బండిలో ఉన్నాయని ఆమె ఎంత బాధపడిందో!

మా పిల్ల ఊగే ఓడ దగ్గర, అంటే ఓడంత పెద్ద ఉయ్యాల దగ్గర, డ్యూటీలో ఉంది. నీలం చొక్కా, టోపీ, మెడలో విజిల్. ఒక భారీ మనిషి చేతిలో ఫోను పట్టుకునే ఎక్కుతానని మొండికేశాడు, తనకేం కాదట. "మీకు కాదు సార్, కిందున్నోళ్ళ నెత్తికైతది. లోపల పెట్టున్రి, లేకుంటే దిగున్రి. ఓడకేం తొందర లేదు" అంది, నవ్వుతూనే. అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆ నాలుక ఎక్కడిదో నాకు తెలుసు. కానీ నేను దాన్ని మనిషిని పడగొట్టడానికి వాడాను, ఈ పిల్ల మనుషులు పడకుండా చూడటానికి వాడుతోంది.

మా అత్త ఓడ ఎక్కుతానంది. పిల్ల ఆమెను ఊపు తక్కువుండే నడిమి వరుసలో మా ఆయన పక్కన కూర్చోబెట్టింది. నాకూ మా ఆడబిడ్డకూ చివరి వరుస చూపించింది. అక్కడే ఊపు ఎక్కువ. ఇద్దరికీ కలిపి ఒకటే ఇనుప కడ్డీ. దాన్ని పిల్ల గట్టిగా లాగి చూసి, ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయింది.

ఓడ కదలబోతుండగా నడిమి వరుసలోంచి మా అత్త గొంతు: "ఆగు బిడ్డా, ప్రార్థన చేసుకోలే!" మా ఇంట్లో ప్రార్థన లేకుండా బండి గల్లీ దాటదు. పిల్లకు అమ్మమ్మ సంగతి తెలుసు. ఓడను నడిపే మీట మీది చెయ్యి తీసి, టోపీ తీసి నిలబడింది. ఓడలో అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు, అందరూ తలలు వంచారు. మా అత్త మీట దగ్గర నిలబడ్డ బిడ్డ కోసం, ఓడ కోసం, ఓడలో ఉన్న పేరు తెలియని వాళ్ళ కోసం ప్రార్థించింది. చివరికి, "ఎనక కూసున్న నా ఇద్దరు బిడ్డలను భద్రంగ దింపు తండ్రీ" అంది. కోడలు, బిడ్డ అని విడదీయలేదు. ఆ భారీ మనిషే అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నాడు.

ఓడ లేచింది. కడుపులోని కోడికూరతో సహా నేనూ లేచాను. పక్కనున్న చెయ్యి ఎప్పుడు పట్టుకున్నానో తెలియదు. శిఖరాన ఒక్క క్షణం ఆగినప్పుడు అరిచాను: "చెల్లె, ఆనాడు నేనన్నది తప్పు!"

"గిప్పుడా చెప్పేది?" మా ఆడబిడ్డ కూడా అరిచింది, కళ్ళు మూసుకొని. "యాభై మంది ముందర అన్నవు వదినె! గాలిల చెప్తే ఎవ్వలింటరు?"

రెండేళ్ళ తర్వాత నాతో ఆమె నేరుగా అన్న మొదటి మాట అది. వాదనలో న్యాయం ఉంటే నేను ఒప్పుకుంటాను. దిగగానే, కట్టెల కంచె వెంట తమ వంతు కోసం నిలబడ్డ అంత పెద్ద వరుస ముందు ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకున్నాను. "నీ గురించి, మీ అమ్మ పెంపకం గురించి నేను తప్పు మాట్లాడిన బిడ్డా. మీ అమ్మ మంచిగ పెంచింది. నా నోరే మంచిగ లేదు" అన్నాను.

పిల్ల కళ్ళు నిండాయి. అయినా డ్యూటీ డ్యూటీయే. "సరే గని అత్తమ్మా, లైన్ ఆగింది. ముందుకు నడువున్రి" అంది.

"ఇంకోసారి ఎక్కుదామా?" అంది మా అత్త, వెనకనుంచి. నేను తప్పు ఒప్పుకున్నది ఆమె విన్నదో లేదో నేను అడగలేదు.

కొత్త సంవత్సరం ఆరాధనలో మా అత్త, ఆడబిడ్డ, నేను ముగ్గురం ఒకే వరుసలో కూర్చున్నాం. పళ్ళెం వచ్చింది. మా అత్త చెయ్యి చాపి రొట్టె ముక్క తీసుకుంది, నోట్లో పెట్టుకుని చాలాసేపు కళ్ళు తెరవలేదు. ఈ రోజుకీ ఆమె మొదటి ఆదివారం తప్పలేదు. దేవుడి ఆ దయకు నేనెన్నిసార్లు కృతజ్ఞత చెప్పినా తక్కువే. అలిగి మాట్లాడకుండా గడిపే రోజులు మన వయసులోంచే పోతాయనుకుంటాం. అవి మనకోసం కాచుకుని కూర్చున్న పెద్దవాళ్ళ వయసులోంచి పోతాయి.