దొర తొట్టి కింది స్టాండు

ఆ రోజుల్లో నాకు స్పానర్లు తెలుసుగానీ భయాలేవీ తెలియవు. ఐటీఐలో ఫిట్టర్ కోర్సు ముగించి గని వర్క్‌షాపులో కొత్తగా చేరిన వాణ్ణి, లోకంలో ప్రతి కష్టమూ ఎక్కడో ఒక బోల్టు తక్కువై వచ్చిందే అనుకునేవాణ్ణి. చంద్రపూర్‌లో చేపలు పెంచేవాళ్ళమంతా కలిసి ఒక క్లబ్బు పెట్టుకున్నాం. (ఎండాకాలంలో మనుషులే ఉడికిపోయే ఊళ్ళో చేపల కోసం ఐసుగడ్డలు మోసేవాళ్ళని ఏమనాలో మీరే అనుకోండి.) అంతకుముందు పెట్టిన చేపల ప్రదర్శనకు తొట్ల కింద వేయడానికి అద్దె బల్లలు తెస్తే నీళ్ళ బరువుకు వాటి కాళ్ళు వంగిపోయాయి. ఈసారి స్టాండ్లు మనమే చేసుకుందామని మీటింగులో లేచి చెప్పింది నేనే. వెల్డింగు చేస్తే ఆటో ట్రాలీలో పట్టవు కనుక చిల్లులున్న ఇనుప యాంగిళ్ళకు బోల్టులు బిగిద్దామన్నాను. విప్పితే మోపు కట్టి భుజాన వేసుకోవచ్చు, బిగిస్తే ఏనుగు ఎక్కినా కదలదు అని కూడా అన్నాను. ఏనుగు మాట అనకుండా ఉండాల్సింది.

డ్యూటీ దిగాక రోజూ సాయంత్రాలు క్లబ్బు వాళ్ళం కూర్చుని యాంగిళ్ళు కోశాం, అడ్డపట్టీలు బిగించాం, పైన ప్లైవుడ్డూ దాని మీద థర్మోకోలూ పరిచాం. పరీక్ష కోసం మాలో లావుపాటి వాళ్ళందరినీ స్టాండెక్కించి వడాపావ్ తినిపించాను. కిర్రుమని కూడా అనలేదు. ఆ ధైర్యంతోనే మా మేనమామ ఇంటికి వెళ్ళి దొరను ప్రదర్శనకు తెమ్మని అడిగాను. దొర అంటే ఆయన తొట్లో ఉండే ఆస్కార్ జాతి పెద్ద చేప. అత్త చేతితో వేస్తే తప్ప మేత ముట్టేది కాదు కనుక ఆమే ఆ పేరు పెట్టింది. అత్త పోయాక, మామ మేత నీళ్ళలో వేసి పక్కకు వెళ్తేనే తినేది, ఆయన చేతిలోంచి మాత్రం ముట్టేది కాదు; ఆయన ఇంట్లో ఆమె కోసం ఎదురుచూసే ప్రాణి అదొక్కటే మిగిలింది. మామ తొట్టి అద్దం మీది మరకను తువ్వాలుతో తుడిచాడు.

"నువ్వు చెప్తున్నవ్ గాబట్టి తెస్త అల్లుడా. మీ అత్త ఉంటే దాన్ని గడప దాటనిస్తుండెనా?" అన్నాడు.

ప్రదర్శన పద్మాపూర్ గని వైపు ఒక కాలనీ హాల్లో. పొద్దున్నే రెండు స్టాండ్లూ బిగించి, తొట్లు ఎక్కించి, నీళ్ళు నింపాం. దొరది అన్నిటికన్నా పెద్ద తొట్టి, దానికొక్కదానికే ఒక స్టాండు. జనం రావడం మొదలైంది, నేను కాలరెగరేసుకుని తిరుగుతున్నాను. మధ్యాహ్నం చాయ్ తాగుతూ మామ నా పక్కకు వచ్చి మెల్లగా అడిగాడు. "అంత మంచిగనే ఉంది గని, బ్లాస్టింగ్ యాళ్లకు ఏం జేస్తవ్?"

చాయ్ గ్లాసు అక్కడే పెట్టేసి స్టాండ్ల దగ్గరికి పరుగెత్తాను. నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో మధ్యాహ్నం బండలు పేల్చే బ్లాస్టింగ్ అయితే ఇటువైపు కిటికీలు గలగలమంటాయి. మేం పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ వేళకు చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకుంటాం, అదురు ఆగాక కింద పెడతాం, మధ్యలో మాట కూడా ఆపం. అంతగా అలవాటైన దాన్ని లెక్కలోకి తీసుకోవాలని ఒక్కరికీ తోచలేదు. పైగా మా పనంతా బ్లాస్టింగ్ ఉండని సాయంత్రాలు సాగింది. ఇప్పుడు తొట్లు దించుదామంటే నిండా నీళ్ళు, తోడదామంటే సమయం లేదు. గని సైరన్ మోగింది. వచ్చిన జనాన్ని బయటికి పంపి, క్లబ్బు వాళ్ళమంతా దొర స్టాండు చుట్టూ చేరి తలా ఒక కాలు పట్టుకున్నాం. రెండో స్టాండుకు మనుషులు చాలలేదు, దాన్ని దేవుడికి వదిలేశాం. నేను యాంగిల్‌ను వాటేసుకుని కళ్ళు మూసుకున్నాను. అత్త ముఖమే కనిపించింది, నిజం చెబుతున్నా.

నేల అదిరింది. తొట్లోంచి నీళ్ళు ఎగిరి నా నెత్తి మీద పడ్డాయి. మళ్ళీ పడ్డాయి. బ్లాస్టింగ్ అయిపోయినా పడుతూనే ఉన్నాయి. మామ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇడిచిపెట్టు అల్లుడా. అది మంచిగనే నిలబడ్డది. నువ్వే వణుక్కుంట దాన్ని ఊపుతున్నవ్."

కళ్ళు తెరిచి చూస్తే, ఎవరూ పట్టుకోని రెండో స్టాండు కింద చుక్క తడి లేదు. దొర అద్దానికి మూతి ఆనించి మేత ఎప్పుడన్నట్టు చూస్తోంది. మామ చెయ్యి కడుక్కుని మేత వేశాడు. దొర మొదటిసారి ఆయన చేతిలోంచే తినేసింది. నా జుట్టులోంచి కారుతున్న నీళ్ళు ఆ క్షణంలో చాలా పనికొచ్చాయి, కళ్ళు తుడుచుకుంటున్నానని ఎవరికీ తెలియలేదు.

ఆ స్టాండ్లు ఇప్పటికీ క్లబ్బులో ఉన్నాయి. మొన్న మా అమ్మాయికి సైకిల్ నేర్పుతూ సీటు వెనక గట్టిగా పట్టుకుని పరుగెడుతున్నాను. సైకిల్ అటూ ఇటూ ఊగుతోంది. మామ గుమ్మంలో చాయ్ గ్లాసుతో కూర్చుని చూస్తున్నాడు. సీటు పట్టుకున్న నా చేతుల వైపు చూసి నవ్వాడు. వదిలేశాను. (కాస్త దూరం పక్కనే పరిగెత్తాననుకోండి.)