బొమ్మ వచ్చింది గాని...

2011 వానాకాలం. నారాయణఖేడ్ బస్ డిపో ఎదురుగా నేను కంప్యూటర్ రిపేరు దుకాణం పెట్టి అప్పటికి ఆరేళ్ళు. వచ్చేవన్నీ దాదాపు ఒకే రకం: వైరస్ పట్టిన విండోస్, కరెంటు హెచ్చుతగ్గులకు కాలిపోయిన పవర్ సప్లైలు. విండోస్ బదులు లినక్స్ ఉన్న మిషన్ ఏడాదికి ఒకటో రెండో వచ్చేది.

ఒకరోజు పొద్దున కంగ్టి నుంచి సువార్తమ్మ అనే టీచరు ఆటోలో సీపీయూ ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. అక్కడి ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్తుంది. నలభై దాటిన మనిషి.

"అప్‌డేట్ చేయాల్నా అని అడిగితే సరే అని నొక్కిన తమ్మీ. ఇగ తెరంత నల్లగైంది. సోమవారం పరీక్ష పేపర్ ఇయ్యాలె."

ఆన్ చేసి చూస్తే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలే. కారణం తెలిసిందే. కెర్నల్ అంటే లినక్స్‌ని నడిపించే మూల ప్రోగ్రాం. గ్రాఫిక్స్ కార్డుతో పని చేయించేది డ్రైవర్. అప్‌డేట్‌తో కెర్నల్ మారితే పాత డ్రైవర్ దానికి అతకదు.

"విండోస్ ఎక్కిస్త టీచరమ్మా, గంటల అయిపోతది."

"వద్దు. మా తమ్ముడు నాకోసం సెట్ చేసి పెట్టిండు. అది అట్లనే ఉండాలె."

సరే అని, ఏ కార్డుకైనా నడిచే సాధారణ డ్రైవర్ పెట్టాను. పది నిమిషాల్లో బొమ్మ వచ్చింది. ఆమె ముక్కు తెరకు తగిలేంత ముందుకు వంగి ఏవో కీలు నొక్కింది, మౌస్ చక్రం తిప్పింది. ఏమీ కాలేదు. మళ్ళీ తిప్పింది.

"కండ్లద్దాలు మార్చుకోవాలె టీచరమ్మా" అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. దుకాణంలో ఉన్న ఇంకో గిరాకీ వెళ్ళేదాకా ఊరుకుని, అప్పుడు మెల్లగా చెప్పింది.

"అద్దాలతోని అయ్యేది కాదు. కండ్ల నరాలు ఎండుతున్నయని దవాఖానల చెప్పిండ్రు. అయిదేండ్లాయె. చక్రం తిప్పితే అక్షరం తెరంత అయితుండె. అట్లనే పేపర్లు కొడుతున్న. స్కూల్ల తెలిస్తే ఇంటికి పొమ్మంటరు."

నాకు తల తీసేసినట్టయింది. అడిగాను, "మరి పిల్లల నోటుబుక్కులు?"

"వాళ్ళతోనే చదివిస్త. పైకి చదివితే తప్పు వాళ్ళకే దొరుకుతది. పాఠాలంటవా, అన్నీ నోటికొస్తయి."

తెరను అంత పెద్దది చేసి చూపే పని కార్డు సొంత బలం మీద నడుస్తుంది. నేను పెట్టిన డ్రైవర్‌కి ఆ బలం వాడుకోవడం రాదు. అంటే అసలు డ్రైవరే కావాలి. నత్తలా నడిచే డాంగిల్ నెట్‌లో కొత్తది దించడానికే మధ్యాహ్నమైంది. వేశాను, నల్ల తెర. తీసి మళ్ళీ వేశాను, మళ్ళీ నల్ల తెరే. ఆమె స్టూలు మీద కూర్చుని నా కీబోర్డు చప్పుడు వింటోంది.

అప్పుడు గాని, మొదట చేయాల్సిన పని గుర్తుకు రాలేదు. lspci అని కమాండ్ కొట్టి కార్డు మోడల్ చూశాను. బాగా పాతది. కొత్త డ్రైవర్లలో దానికి చోటే లేదు. పాత కార్డుల కోసం విడిగా ఉంచిన డ్రైవర్ వెతికి, దాన్ని కొత్త కెర్నల్‌కి అతికించే హెడర్ ఫైళ్ళు కూడా దించి, అన్నీ కలిపి ఎక్కించాను. రీస్టార్ట్ చేశాక ఆమె పరీక్ష పేపర్ తెరిచి మౌస్ చేతికిచ్చాను.

చక్రం తిప్పింది. ఒక్క 'కిం' అక్షరం తెర నిండా నిలబడింది. ఆమె పక్కకు జరుపుకుంటూ ఒక్కో అక్షరం కూడబలుక్కుని పైకి చదివింది: "కింది పద్యమునకు... భావము... వ్రాయుము." చదివి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

అప్‌డేట్ నొక్కినా కెర్నల్ మారకుండా కట్టడి చేసి పంపాను. సోమవారం పేపర్ అందింది.

రెండేళ్ళ తర్వాత ఆమే హెడ్మాస్టరుకు సంగతి చెప్పేసిందట. ఆయన పేపర్లు దిద్దే పని వేరే టీచరుకిచ్చి, పాఠం మాత్రం ఆమెకే ఉంచారు.

బొమ్మ రాగానే నా పని అయిపోయిందనుకున్నాను. ఆమె పని అప్పటికి మొదలే కాలేదు. అంతకుముందు ఎవరు వచ్చినా "ఏం ఖరాబైంది?" అని అడిగేవాణ్ణి. ఆ తర్వాత నుంచి, "దీంతో మీరు ఏం పని చేసుకుంటరు?" అని అడిగి, చెప్పింది పూర్తిగా విన్నాకే మిషన్ విప్పుతున్నాను.